ఈజిప్టు తాయెత్తు మీద దేవుడి బొమ్మ: భక్తా, పనిముట్టా?

గోదారిగట్టు

పోయిన నెల హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకి వెళ్ళాం. అక్కడి ఈజిప్టు మమ్మీ దగ్గర మా అమ్మాయి చాలాసేపు నిలబడి, "వీళ్ళు కూడా మనలాగే దేవుడి లాకెట్లు వేసుకునేవాళ్ళా నాన్నా?" అని అడిగింది. ఆ, వేసుకునేవాళ్ళు అనేశాను. ఇంటికొచ్చి చదవడం మొదలుపెడితే ఆ "మనలాగే" దగ్గరే తేడా కొట్టింది. అందుకే ఈ చర్చ.

మన దగ్గర వెంకన్న లాకెట్ వేసుకునేవాళ్ళు ఆ స్వామి మీద భక్తితో వేసుకుంటారు. ఈజిప్టువాళ్ళ బిళ్ళలు అలాంటివి కావని నా వాదన. అవి పనిముట్లు. దేవుడి రూపం అందులో ఒక భాగం, అంతే.

ముందు పేర్లు చూడండి. తాయెత్తుకి వాళ్ళు వాడిన మాటలు మెకెత్, నెహెత్, సా. మూడూ "కాపాడు, కాపలా కాయి" అనే అర్థమున్న క్రియల నుంచి వచ్చినవే. వెజా అని ఇంకో మాట ఉంది, అది "క్షేమం" అనే మాటలాగే పలుకుతుంది. వీటిలో ఎక్కడా దేవుడు లేడు, మూర్తి లేదు.

తర్వాత రాయి సంగతి. చనిపోయినవాళ్ళ కోసం రాసిన మంత్రాల సంపుటి మృతుల గ్రంథం. అందులో 156వ మంత్రం ఐసిస్ దేవత పేరుతో ఉన్న ముడి ఆకారం తాయెత్తు గురించి. దాన్ని ఎర్ర జాస్పర్ రాయితో చేసి శవం గొంతు దగ్గర పెట్టమంటుంది, ఎందుకంటే అది ఐసిస్ రక్తం. 155వ మంత్రం జెద్ అనే స్తంభం ఆకారం తాయెత్తుని బంగారంతో చేయమంటుంది. పపైరస్ అనే నీటి మొక్క కాడ ఆకారానికి పచ్చరాయి కావాలి. ఫలానా దానికి ఫలానా రాయి అని ఇంత పట్టుదలగా చెప్పారంటే అసలు పని చేసేది రాయి, రంగు, మంత్రం కలిసి అన్నమాట.

ఇక దేవుడితో ఏ సంబంధమూ లేని తాయెత్తులు కూడా బోలెడు. తలకింద పెట్టుకునే దిమ్మ, మేస్త్రీ మూలమట్టం, తూకం గుండు, రెండు వేళ్ళు. మూలమట్టానికి ఎవరు మొక్కుతారండీ?

చివరిగా, మ్యూజియం ఫొటోల్లో చూడండి. సగం బిళ్ళలు ఏ దేవుడివో పోల్చుకోలేం. ముక్కూ మొహం లేని ముద్దలు. భక్తి ఉంటే ఇలా చేస్తారా?

కంసాలి_మనవడు

ఆ చివరి పాయింటు దగ్గర ఆగండి. ముద్దలా ఉన్నాయంటే అది భక్తి తక్కువై కాదు, సరుకు అలాంటిది.

మీరు ఫొటోల్లో చూసే నీలం, ఆకుపచ్చ బిళ్ళల్లో చాలావరకు ఫయాన్స్. అది మట్టి కాదు, పూర్తిగా గాజూ కాదు. పలుగురాయి పొడిలో కాస్త సున్నం, నేట్రాన్ అనే ఉప్పు లేదా మొక్కల బూడిద కలిపి, రంగు కోసం రాగి వేస్తారు. తడిపితే బంకగా సాగదు. పిండి వంటల్లో బియ్యప్పిండి సరిగ్గా తడవకపోతే విరిగిపోతుంది చూడండి, అలా విరుగుతుంది. దాన్ని కాల్చిన మట్టి అచ్చులో నొక్కి తీస్తారు. ఆరేటప్పుడు లోపలి ఉప్పు పైకి ఊరుతుంది. పాత ఇళ్ళల్లో గోడకి ఉప్పు పట్టినట్టే. కాల్చినప్పుడు ఆ పైకొచ్చిన ఉప్పు కరిగి, నున్నటి మెరుపు పొర అవుతుంది. పైన పూత విడిగా పూసే పద్ధతీ ఉంది, పొడిలో పాతిపెట్టి కాల్చే పద్ధతీ ఉంది, కానీ నాకు ముచ్చటేసేది ఈ మొదటిదే. తనకి తానే మెరుగు పెట్టుకునే వస్తువు! దాన్ని వాళ్ళు "మెరిసేది" అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవాళ్ళు.

ఒకే అచ్చులో వందలు తీస్తే అచ్చు అరుగుతుంది. మెరుపు పొర కళ్ళూ ముక్కూ పూడ్చేస్తుంది. మా తాతగారు రేకు మీద లక్ష్మీదేవి బిళ్ళలు అచ్చు కొట్టేవారు. పాత అచ్చుతో కొట్టిన లక్ష్మికి మొహమే ఉండేది కాదు. కొనుక్కునేవాళ్ళు కళ్ళకద్దుకునే తీసుకెళ్ళేవారు.

పైగా మీ "ఫలానా రాయి" వాదన కూడా అంత గట్టిది కాదు. మంత్రంలో ఎర్ర జాస్పర్ అని రాసినా, స్తోమత లేనివాళ్ళు ఎర్ర ఫయాన్స్‌తోనో ఎర్ర గాజుతోనో సరిపెట్టుకున్నారు. అసలు పగడం కొనలేనివాడు గాజు పగడం పెట్టుకున్నట్టు.

అరసున్నా

ముద్ద మాట వచ్చింది కాబట్టి. గోదారిగట్టు గారూ, మీ ఇంట్లో వ్రతం చేస్తే మొదట ఏం పెడతారు? పసుపు ముద్ద. దానికి కళ్ళుండవు, తొండం ఉండదు. అది వినాయకుడు. ఆవాహన చేసి, నైవేద్యం పెట్టి, అయ్యాక ఉద్వాసన చెబుతారు. రూపం పోల్చుకోలేకపోవడం భక్తి లేకపోవడానికి సాక్ష్యమైతే మనలో ఎవరికీ భక్తి లేనట్టే.

అసలు విషయం కాలంలో ఉందని నాకనిపిస్తుంది. మీరు మూడువేల ఏళ్ళని ఒకే గంపలో వేశారు. పాత కాలపు తాయెత్తుల్లో ఎక్కువగా జంతువులు, శరీర భాగాలు, చిహ్నాలు. పెద్ద దేవతల పూర్తి రూపాలు అరుదు. కొత్త రాజ్యం అని పిలిచే యుగం ముగిశాక, సుమారు క్రీ.పూ. 1070 తర్వాత వచ్చిన కాలంలో ఒక్కసారిగా దేవతల బిళ్ళలు పోటెత్తుతాయి. కొడుకు హోరస్‌కి పాలిస్తున్న ఐసిస్, సింహం తల సెఖ్‌మెత్, పిల్లి రూపంలో బాస్తెత్, ఐబిస్ పక్షి తల థోత్, చేతులెత్తి ఆకాశాన్ని మోసే షూ. మేస్త్రీ మూలమట్టం లాంటి వస్తువులు ఎక్కువగా చనిపోయినవాళ్ళ కోసం తర్వాతి కాలాల్లో చేసినవి. బతికున్నవాళ్ళ మెడలో వేలాడింది ఈ దేవుళ్ళే. రాజు బలహీనపడ్డాక, గుడి లోపలికి ఎటూ రానివ్వరు కాబట్టి, జనం దేవుణ్ణి మెడలో పెట్టుకున్నారు అని నేను చదువుకుంటాను. దీన్ని భక్తి అనకపోతే ఇంకేమనాలి?

లాకెట్_రాజా

అన్నా నా దగ్గర అంఖ్ (పైన ఉంగరంలా ఉండే సిలువ గుర్తు) లాకెట్లు ఉన్నాయి, ఒరిజినల్ ఈజిప్టు ఎనర్జీ, నెగెటివ్ వైబ్స్ అన్నీ పోతాయి. కావాల్సినవాళ్ళు మెసేజ్ పెట్టండి.

మోడరేటర్

అమ్మకాలు ఇక్కడ కాదు. ఇంకోసారి పెడితే ఖాతా ఆపేస్తాం.

అరసున్నా

పోనీలెండి, వచ్చినందుకు ఒక మాట. గుడి గోడల మీద ప్రతి దేవుడి చేతిలోనూ కనిపించే ఆ అంఖ్, తాయెత్తుల్లో ఆశ్చర్యంగా తక్కువ. ఆ కాలపు సామాన్యుడి మెడలో అంఖ్ కన్నా హోరస్ కన్నో, బెస్ అనే మరుగుజ్జు దేవుడో దొరికే అవకాశమే ఎక్కువ. ఇప్పుడు ఫ్యాన్సీ షాపుల్లో దొరికేది ఈ కాలపు ఇష్టం.

ఎక్స్‌రే_డ్యూటీ

నేను స్కానింగ్ సెంటర్లో పనిచేస్తాను, అందుకని ఇది నా కంటపడింది. 1916లో ఎడ్ఫు దగ్గర దొరికి, విప్పకుండా కైరో మ్యూజియం గోడౌన్‌లో పడి ఉన్న ఒక కుర్రాడి మమ్మీని సీటీ స్కాన్ చేశారు. కైరో యూనివర్సిటీ రేడియాలజిస్ట్ సహర్ సలీం బృందం 2023లో ఫలితాలు ప్రచురించింది. గుడ్డ చుట్టల మధ్య, ఒంటి లోపల కలిపి 49 తాయెత్తులు, 21 రకాల ఆకారాలు. చాలావరకు బంగారం. టాలెమీలు అనే గ్రీకు వంశపు రాజుల కాలం, అబ్బాయికి సుమారు 14–15 ఏళ్ళు.

నన్ను పట్టేసింది లెక్క కాదు, ఏది ఎక్కడ ఉందన్నది. నోట్లో బంగారు నాలుక, పరలోకంలో మాట్లాడటానికి. ఛాతీ లోపల గుండె పురుగు, అంటే పేడపురుగు ఆకారం తాయెత్తు. దాని మీద రాసే మంత్రం గుండెతోనే మాట్లాడుతుంది: తీర్పు సభలో నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పకు అని! ఇది ప్రార్థన కాదు, సాక్షిని మేనేజ్ చేయడం. మమ్మీ చేసేటప్పుడు కోసిన కోతని కాపాడటానికి రెండు వేళ్ళ తాయెత్తు. ఒక్కోదానికి ఒక్కో చోటు, ఒక్కో పని. డాక్టరు చీటీలా ఉంటుంది చూస్తే. నా ఓటు గోదారిగట్టు గారికే.

గోదారిగట్టు

థాంక్సండీ. పసుపు ముద్ద దెబ్బకి ఆ పాయింటు వెనక్కి తీసుకుంటున్నాను, అది నిజంగా తప్పు వాదన. కానీ అరసున్నా గారికి అఖెనాటెన్ ప్రశ్న ఒకటి.

క్రీ.పూ. 1350 ప్రాంతంలో ఆ రాజు సూర్యబింబం ఆటెన్ ఒక్కడే దేవుడన్నాడు. అప్పటిదాకా పెద్ద దేవుడైన ఆమున్ పేరు గోడల మీద నుంచి చెక్కి పారేయించాడు. అతను కట్టిన అమర్నా నగరాన్ని పురావస్తు పరిశోధకుడు ఫ్లిండర్స్ పెట్రీ 1891–92లో తవ్వితే ఫయాన్స్ అచ్చులు వేలల్లో దొరికాయి. వాటిలో హోరస్ కన్ను, బెస్, గర్భిణి నీటిగుర్రం రూపంలోని తావెరెత్ ఉన్నాయి. రాజుగారి సొంత ఊళ్ళో, రాజుగారి కళ్ళ ముందు! దేవుళ్ళ మీద యుద్ధం జరుగుతుంటే ఈ బిళ్ళల జోలికి ఎవరూ పోలేదంటే, అవి "దేవుడు" అనే ఖాతాలోకే రాలేదన్నమాట. దోమతెర మీద ఎవరైనా నిషేధం పెడతారా?

అరసున్నా

అదే సాక్ష్యం, నేను తలకిందులుగా చదువుతాను. రాజు ఆజ్ఞ గుళ్ళ దాకా వెళ్ళింది, పురుటి గది దాకా వెళ్ళలేదు. ప్రసవంలో తల్లీబిడ్డా చచ్చిపోయే కాలంలో ఆటెన్ ఏం చేస్తాడు? పైనుంచి కిరణాలు చాపుతాడు, అంతే. నాలుక బయటపెట్టి, పిల్లని భయపెట్టడానికి వచ్చినదాన్ని తిరిగి భయపెట్టే బెస్ కావాలి. తావెరెత్ కావాలి. ఆమెది నీటిగుర్రం ఒళ్ళు, సింహం కాళ్ళు, వీపు మీద మొసలి, వేలాడే రొమ్ములు. రాజు కాదన్నా వదల్లేదంటే అది భక్తి కాకపోతే ఇంకేంటి? మన ఊళ్ళల్లో పెద్ద గుడి ఎవరి చేతిలో ఉన్నా, పోలేరమ్మ దగ్గరికి వెళ్ళడం ఆగిందా?

బెస్‌కీ తావెరెత్‌కీ పెద్ద పెద్ద గుళ్ళు లేవు. ఇల్లే వాళ్ళ చోటు. గుడి లేని దేవుణ్ణి మీరు దేవుడిగా లెక్క వేయట్లేదు, అదీ మీ చిక్కు.

ఇంకోటి. ఏడాది చివరి అయిదు రోజులు వాళ్ళకి మహా ప్రమాదం. సెఖ్‌మెత్ తన దూతలతో రోగాలు పంపే రోజులు. ఆ రోజుల కోసం ఒక పపైరస్ కాగితపు రాత (ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉంది) ఇలా చెబుతుంది: సన్నని నారబట్ట మీద దేవుళ్ళ బొమ్మలు గీసి, దానికి 12 ముళ్ళు వేసి, ఆ దేవుళ్ళకి రొట్టె, బీరు పెట్టి, ధూపం వేసి, అప్పుడు మెడకి కట్టుకోవాలి. పనిముట్టుకి రొట్టె పెడతారా ఎవరైనా?

కంసాలి_మనవడు

పెడతామండీ. ఏటా పెడతాం. ఆయుధ పూజ రోజు మా దుకాణంలో పట్టకారు, సుత్తి, ఊదుగొట్టం అన్నిటికీ పసుపు రాసి బొట్టు పెట్టి, పులిహోర నైవేద్యం పెడతాం. మర్నాడు అదే సుత్తితో కొడతాం.

మీరిద్దరూ "లేదా" అంటున్నారు. మా ఇంట్లో ఆ మాటకి చోటు లేదు.

తిక్కశంకరయ్య

ఇంత నమ్మకం ఉన్నవాళ్ళయితే సమాధులు దోచుకున్నది ఎవరు? రామెసెస్ 9 పాలనలో 16వ ఏట, అంటే దాదాపు క్రీ.పూ. 1110లో, దొంగలు ఇచ్చిన వాంగ్మూలం పపైరస్ మీద ఉంది. దాంట్లో సగం బ్రస్సెల్స్‌లో, సగం న్యూయార్క్‌లో. చేసింది రాళ్ళు కొట్టే పనివాడు, అతని తోటివాళ్ళు. సోబెకెమ్‌సాఫ్ అనే పాత రాజు సమాధికి కన్నం వేసి, రాజు గొంతు దగ్గరున్న బంగారు తాయెత్తులు, నగలు అన్నీ ఒలుచుకున్నామని వాళ్ళే చెప్పారు. ఎనిమిది మంది పంచుకున్నారు, తలా 20 దెబెన్ల బంగారం, మొత్తం 160. దెబెన్ అంటే సుమారు 91 గ్రాములు, మీరే లెక్క కట్టుకోండి. తర్వాత శవపేటికలకి నిప్పు పెట్టారు. ఆ తాయెత్తులన్నీ ఏం కాపాడాయి? భక్తీ లేదు, శక్తీ లేదు, బంగారం ఉంది.

అరసున్నా

హుండీ పగలగొట్టే దొంగ మన దగ్గర లేడా? దొంగని చూసి ఊరందరి నమ్మకం కొలవకూడదు. పైగా పెట్టెలు కాల్చడం నాకు వేరేగా తోస్తుంది. బంగారు రేకు వలవడానికి సులువు కాబట్టి కాల్చి ఉండొచ్చు. అలాగే, పగ తీర్చుకోడానికి రాజుకి ఒళ్ళు లేకుండా చేద్దామనీ అయ్యుండొచ్చు. రెండోదే అయితే మీ దొంగలే అందరికన్నా గట్టి నమ్మకస్తులు.

గోదారిగట్టు

ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది, కాస్త ఓపిక పట్టండి.

మన తాయెత్తుకి అచ్చంగా అన్నలాంటిది ఈజిప్టులో ఒకటి దొరికింది. మన దగ్గర రాగిరేకు మీద యంత్రం గీసి, చుట్టి, గొట్టంలో పెట్టి పిల్లల మెడలో కడతారు కదా. అక్కడ క్రీ.పూ. 10వ శతాబ్దం ప్రాంతంలో సన్నటి, పొడవాటి పపైరస్ ముక్కల మీద దేవుడి ఆజ్ఞలు రాసి, చుట్టి, గొట్టంలో పెట్టి మెడలో వేసేవాళ్ళు. గుడిలో దేవుణ్ణి అడిగి రాయించిన కాగితం అది. దేవుడే "నేను" అంటూ మాట్లాడతాడు: ఫలానా బిడ్డని పాము నుంచి, తేలు నుంచి, గోడ కూలడం నుంచి, దిష్టి నుంచి, రోగాల నుంచి కాపాడతాను. ఒక్కొక్క రోగం, ఒక్కొక్క ప్రమాదం పేరు పేరునా. ఇన్సూరెన్స్ పాలసీ వెనక ఉండే సన్న అక్షరాల్లాగా ఏదీ వదలకుండా.

ఆ జాబితాలో దేవుళ్ళూ ఉన్నారు! ఆమున్, ముత్, ఖోన్సు కోపం నుంచి కూడా కాపాడతామని దేవుళ్ళే రాసిచ్చారు. ఇది చదివాక నా "పనిముట్టు" మాట నాకే నచ్చలేదు. సుత్తి దగ్గర ఎవరూ హామీపత్రం రాయించుకోరు. అలాగని అరసున్నా గారి భక్తి కూడా కాదు. నమ్మి శరణన్నవాడు "నీ నుంచి నన్ను కాపాడతానని రాసివ్వు" అని అడుగుతాడా? ఇది దస్తావేజు. పలుకుబడి ఉన్నవాడు, కోపిష్టి, రేపు మాట మార్చగలడు, కాబట్టి కాగితం మీద సంతకం పెట్టించుకుని మెడలో వేసుకున్నారు. సెఖ్‌మెత్ బిళ్ళని కూడా ఇప్పుడు నేను అలాగే చూస్తున్నాను. రోగం పంపేదీ ఆవిడే, ఆపేదీ ఆవిడే. ఆవిడ బొమ్మ మెడలో ఉంటే ఆవిడ దూత వచ్చి చూసి వెళ్ళిపోతాడు, ఈ ఇల్లు ముందే మాట్లాడుకున్న ఇల్లు అని.

ఎక్స్‌రే_డ్యూటీ

అంటే చందా కట్టిన రసీదు తలుపుకి అంటించినట్టు.

అరసున్నా

దస్తావేజు బావుంది, ఒప్పుకోను గానీ బావుంది. రాయించుకున్నవి పిల్లలకే ఎక్కువ అన్నది మర్చిపోకండి. బిడ్డ మెడలో కట్టే తల్లి లాయరులా ఆలోచిస్తుందా? "అమ్మా తల్లీ, చల్లగా చూడు" అని మనవాళ్ళు అమ్మవారిని వేడుకునేటప్పుడు కూడా పంపేదీ ఆపేదీ ఆవిడే అని తెలుసు. భయం ఉన్నచోట భక్తి ఉండదన్నది మీరు పెట్టుకున్న షరతు.

ఇంకా మీ కాగితం గొట్టాలు కొద్ది కాలానివి, కొద్ది చోట్లవి. అచ్చులో తీసిన ఐసిస్ బిళ్ళకి ఆ లెక్క అతకదు. ఆ బిళ్ళ వేసుకున్న బిడ్డని మంత్రంలో హోరస్ అనే పిలుస్తారు. తేలు కుడితే కుట్టింది హోరస్‌ని, పరిగెత్తుకొచ్చేది ఐసిస్. అక్కడ ఒప్పందం లేదు, బిడ్డే దేవుడయ్యాడు.

తిక్కశంకరయ్య

మొత్తానికి పనిముట్టు పోయి పత్రం వచ్చింది, పత్రం పోయి వేషం వచ్చింది. ఇంకో వారం ఆగితే ఏమవుతుందో.

కంసాలి_మనవడు

వారం ఎందుకు, కొక్కెం చూడండి చాలు. నేను అన్నిటికన్నా ముందు అదే చూస్తాను. దేవుడి బొమ్మ వెనక, మెడ దగ్గరో నడుము దగ్గరో దారం పోయే రంధ్రం ఉంటుంది. కొన్నిటికి అసలు రంధ్రమే ఉండదు, అవి ఎవరి మెడలోనూ వేలాడలేదు. గుడ్డ చుట్టల మధ్య పెట్టడానికే చేసినవి. అలాంటివాటికి మీ పత్రమో పనిముట్టో ఏది చెప్పినా సరిపోతుందేమో, వేసుకున్న మనిషి లేడు కాబట్టి.

రంధ్రం ఉన్నవాటిలో కొన్నిటికి పై అంచు కోసుకుపోయి ఉంటుంది, దారం ఏళ్ళ తరబడి ఒరుసుకుని. దేవుడి ముక్కు కూడా అరిగి ఉంటుంది. అది అచ్చు అరుగుదల కాదు. అచ్చు అరిగితే బొమ్మంతా మొద్దుబారుతుంది. వేళ్ళతో తడిమితే ఎత్తుగా ఉన్నచోటే అరుగుతుంది. మా నాన్నమ్మ ఆంజనేయస్వామి బిళ్ళ అలాగే ఉండేది, గద తప్ప ఏం కనపడేది కాదు.

అరసున్నా

తోక కూడానా?

కంసాలి_మనవడు

తోక కూడా. బొటనవేలు అటే పోయేది ఆవిడకి.